నర్సుల నైతిక ధైర్యము
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



నర్సుల ధైర్యమనగానే మనకు స్ఫురించునది అంటువ్యాధికి వెరవక రోగి మంచముకడ నిలుచుట. 2018లో కేరళయందు నిపా రోగికి సేవచేసి, ఆ వ్యాధికే ప్రాణము లర్పించిన లినీ వంటివారిని తలచి చేతులు జోడింపవలసినదే. కాని నేడు నేను ప్రస్తావింపబోవునది వేరొక ధైర్యము. తనకంటె పైవారి ఆజ్ఞ రోగికి హాని చేయునేమోయని తోచినపుడు, "అయ్యా, మరియొకసారి చూడుడు" అని పలుకగల ధైర్యము. దీనికి పతకములు తక్కువ, చీవాట్లు ఎక్కువ.

ఈ గుణము పుట్టుకతో కొందరికి వచ్చును, కొందరికి రాదు అని మన మనుకొందుము. నా కట్లు తోచదు. 1966లో హాఫ్లింగ్ అను అమెరికా మనోవైద్యుడును, ఆయన సహచరులును ఒక పరీక్షా ఫలితమును ప్రకటించిరి. వార్డులో ఒంటరిగా నున్న నర్సుకు, ఆమె యెరుగని డాక్టరొకడు టెలిఫోనులో ఫలానా మందు ఇమ్మని చెప్పును. మందు డబ్బాపై గరిష్ఠమైన మోతాదు 10 మిల్లీగ్రాములని అచ్చువేసి యున్నది. ఆయన 20 ఇమ్మనును. టెలిఫోనులో చెప్పినంతమాత్రమున మందు ఇచ్చుట ఆసుపత్రి నిబంధనలకే విరుద్ధము. అయినను 22 మందిలో 21 మంది మందు పట్టుకొని బయలుదేరిరి. పరిశీలకుడు వారిని దారిలోనే ఆపెను. ఆ మాత్రలలో నున్నది ఉత్త గ్లూకోజు.

ఇది విని నర్సులను నిందించుట తేలిక. కాని 1977లో ర్యాంక్, జేకబ్సన్ అనువారు ఇట్టి పరీక్షనే రెండు మార్పులతో జరిపిరి. ఈసారి మందు నర్సులకు బాగుగా తెలిసినది. తోటివారిని సంప్రదించుటకు వీలున్నది. అప్పుడు 18 మందిలో ఇద్దరు మాత్రమే ఆజ్ఞను ఉన్నదున్నట్లు పాటింపబూనిరి. నడుమ పదేండ్లు గడచినవి, కాలమును కొంత మారినది, నిజమే. అయినను మందును గూర్చిన తెలివిడియు, ప్రక్కన నొక తోడును ఎంత పని చేయునో ఇందువలన తెలియుచున్నది.

ఫైలుపై అసమ్మతి వ్రాయుటకు మన మెంత తర్జనభర్జన పడుదుమో మీ రెరుగుదురు. మన ఫైలును సోమవారము మరల తెరువవచ్చును. సిరంజి చేతనున్న యామెకు ఆ సోమవారము లేదు.

మూడవది, పైవారి చెవి. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున బండబర్గ్ ఆసుపత్రియందు టోనీ హాఫ్‌మన్ ఇంటెన్సివ్ కేర్ విభాగపు నర్సులకు పెద్ద. ఒక శస్త్రవైద్యుడు చేయు ఆపరేషనులను గూర్చి ఆమె 2003 నుండి పైవారికి పలుమారులు విన్నవించినది. వారు పెడచెవిని పెట్టిరి. 2005లో ఆమె ఒక శాసనసభ్యుని ఆశ్రయింపగా విషయము సభకెక్కి, విచారణసంఘము లేర్పడినవి. మరుసటి యేట ఆమెకు జాతీయగౌరవము లభించినది. జనులు ఆ గౌరవమునే చెప్పుకొందురు. నాకు మాత్రము ఆ నడిమి రెండేండ్లే కనబడుచుండును. మొదటి మాటను విన్నవా డొకడుండిన, ఆమె వీరవనిత కానక్కరలేదు. తన డ్యూటీ తాను చేసికొని యింటికి పోయెడిది.

ఇక మన దేశము సంగతి. 2011-12 సంవత్సరములలో కేరళయందును, మరికొన్ని నగరములందును ప్రైవేటు ఆసుపత్రుల నర్సులు సమ్మెకు దిగిరి. జీతముతోబాటు వారి మొరలలో బాండు పద్ధతి యొకటి. చేరునపుడే సర్టిఫికెట్లను యాజమాన్యము తీసి యుంచుకొనును. గడువునకు ముందు మానవలెనన్న సొమ్ము కట్టవలెను. 2016లో సుప్రీంకోర్టు ఆదేశముపై కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము, 50 పడకలకు లోబడిన ఆసుపత్రులలో సైతము నర్సు జీతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదని సిఫారసు చేసినది. సిఫారసునకును అమలునకును నడుమగల దూరమును ఈ సభలో నేను వివరింపనక్కరలేదు. చదువునకు చేసిన అప్పు తీరక, సర్టిఫికెట్లు పరుల బీరువాలో చిక్కియున్న ఇరువదిరెండేండ్ల పిల్ల, పెద్ద డాక్టరును ప్రశ్నింపలేదేమని మన మే ముఖముతో అడుగుదుము?

మన సంగతి యేమి? మనవారు ఆసుపత్రిలో నున్నపుడు, "డాక్టరుగారిని మరల నడిగి ఈ మందు ఇచ్చెదనండి" అని నర్సు అన్నచో, "నీకేమి తెలియును? వ్రాసినది ఇయ్యి!" అని కసరువారు మనలోను కలరు. ఆమె ఆగినది మన రోగి కొరకే. ఆ కసురు తిన్న పిల్ల మరునాడు మరియొక రోగి మందు చీటీపై అనుమానము వచ్చినను నోరు మెదపదు.

నే నెరిగినది పుస్తకములవలనను, వార్తలవలనను. ముప్పదియేండ్లు వార్డులలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న మన సంఘ సభ్యురాలొకరు ముందువరుసలో నున్నారు. చాలసేపటినుండి వారేదో చెప్పదలచి ఆగుచున్నట్లున్నది. వేదికపైకి దయచేయుడని వారిని ప్రార్థించి, నేను కూర్చుండెదను.