పాత కారు - విరిగిన ప్లాస్టిక్ భాగముల మరమ్మతు
(సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)



డి.ఆర్. గురించి, వైద్య బిల్లుల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. డిపో గ్యారేజీలో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు బండ్ల విషయం అప్పగించారు. పాత కారులో విరిగిన ప్లాస్టిక్ భాగాలను ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవచ్చునో మనవి చేస్తాను.

మనలో చాలామంది సర్వీసులో ఉండగా లోను పెట్టి కొన్న మారుతి 800నో, జెన్‌నో, శాంత్రోనో ఇంకా వాడుకుంటున్నారు. జెన్ తయారీ 2006లోనూ, మారుతి 800 తయారీ 2014 జనవరిలోనూ ఆగిపోయాయి. ఇంజను సామాను ఏదో విధంగా దొరుకుతుంది. లోపలి ప్లాస్టిక్ ముక్క అదే రంగులో, అదే కొలతలో దొరకడమే కష్టం. మెకానిక్కు "మొత్తం సెట్టు మార్చాలండీ" అంటాడు. పిల్లలు "అమ్మేయండి నాన్నా" అంటారు. వారు మన మంచి కోరే అంటారు. కాని నెలకు రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లవలసిన దంపతులకు గుమ్మం ముందున్న బండి పెద్ద ధైర్యం. ఒక ప్లాస్టిక్ ముక్క కోసం దానిని వదులుకోనక్కరలేదు.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. లోపలి డోర్ హ్యాండిల్ విరిగితే వెనక కూర్చున్న పెద్దావిడ తనంతట తాను దిగలేదు. స్టీరింగు కింది పలక ఊడి వేలాడితే బ్రేకు పెడల్‌కు అడ్డం రావచ్చు. చక్రం పైనుండే ప్లాస్టిక్ తొడుగు జారితే టైరుకు రాసుకుంటుంది. ఈ మూడింటినీ వెంటనే చూసుకోవాలి.

ప్లాస్టిక్ ఎందుకు పెళుసు బారుతుంది? ఎండ వల్ల, వేడి వల్ల. మన వేసవిలో అద్దాలు బిగించి ఎండలో నిలిపితే డ్యాష్‌బోర్డు చేయి పెట్టలేనంత కాలుతుంది. ఏళ్ల తరబడి అలా కాగితే గట్టిదనం ఉంటుంది గాని వంగే గుణం పోతుంది. అందుచేత ఏ భాగాన్నీ బలంగా లాగవద్దు. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను క్లిప్పులున్న చోట కాసేపు ఉంచి, చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ గరిటె కాడతోనో నెమ్మదిగా ఎత్తండి. స్క్రూడ్రైవరు వాడితే అంచు చిట్లుతుంది. చాలాసార్లు భాగం బాగానే ఉంటుంది, విరిగేది క్లిప్పు. ఆ క్లిప్పులు కారు సామాను దుకాణాలలో విడిగా దొరుకుతాయి.

భాగం ఊడదీశాక దాని వెనక వైపు చూడండి. చిన్న ఇంగ్లీషు అక్షరాలుంటాయి. మన కళ్లకు ఆనకపోతే మనవడిని పిలవండి. ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ఏ.బి.ఎస్., రెండవది పి.పి., అనగా పాలీప్రొపిలీన్. గుర్తు లేకపోతే వెనక వైపు, కనబడని చోట ఒక్క చుక్క అసిటోన్ వేసి చూడండి. జిగటగా మారితే ఏ.బి.ఎస్. కావచ్చు. ఏ మార్పూ లేకపోతే పి.పి. అయ్యే అవకాశమెక్కువ. ఈ తేడా తెలియక ఏదో ఒక జిగురు పూయడం వల్లనే అతుకు నాలుగు రోజులలో ఊడుతుంది.

ఏ.బి.ఎస్. అయితే పని సులువు. అదే ప్లాస్టిక్ తునకలను మూత గల గాజు సీసాలో వేసి, మునిగేటంత అసిటోన్ పోసి ఒక రాత్రి ఉంచితే చిక్కటి గంజిలా అవుతుంది. పగులు అంచులను గరుకు కాగితంతో రుద్ది, రెండు ముక్కలూ సరిగా కలిపి, ముందు వైపు టేపు వేసి, వెనక వైపు ఈ గంజి పూయండి. ఆరాక మరొక పూత. ఒక రోజంతా కదపకుండా ఉంచితే ముక్కలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి.

పి.పి.కి అసిటోన్ పనిచేయదు. ఫెవిక్విక్, ఆరల్డైట్ కూడా దానిని గట్టిగా పట్టవు. దానికి వేడి కావాలి. ముందుగా పగులు ఆగిన చోట చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకదు. తరువాత సన్నని స్టీలు జాలీ ముక్కను పగులు వెనక పరచి, సోల్డరింగ్ ఐరన్‌తో మెల్లగా ప్లాస్టిక్‌లోకి దింపి, పైన అదే రకం ప్లాస్టిక్ కరిగించి కప్పాలి. ఇది చేయలేనివారు పగులుకు రెండు వైపులా రంధ్రాలు వేసి, రాగి తీగతో చాట కుట్టినట్లు కుట్టవచ్చు. మడ్‌గార్డు తొడుగుకు, బంపరు కింది అంచుకు ఈ కుట్టు చక్కగా పనికివస్తుంది.

జాగ్రత్తలు మరువవద్దు. అసిటోన్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి, దీపం దగ్గర పెట్టవద్దు. పెయింటు మీద, దీపాల అద్దాల మీద పడితే పాడవుతాయి. ప్లాస్టిక్ కరిగేటప్పుడు వచ్చే పొగ మంచిది కాదు. వరండాలో గాలి తగిలేచోట కూర్చోండి. ఆయాసం ఉన్నవారు ఈ పని ఇతరులకు అప్పగించండి.

కొన్నింటిని మాత్రం అతికించవద్దు. ఎయిర్ బ్యాగు ఉన్న బండిలో దాని మూతకు ఎటువంటి మరమ్మతూ చేయరాదు. అది సమయానికి తెరుచుకోకపోతే ప్రాణానికే ముప్పు. సీటు బెల్టు బిగింపు దగ్గరి భాగాలూ అంతే. చేతితో లాగే డోర్ హ్యాండిల్‌కు అతుకు నిలవదు, మార్చడమే మేలు. కొత్తది దొరకకపోతే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బండ్ల నుంచి తీసినవి వెతకవచ్చు. పాత ముక్క వెంట తీసుకువెళ్లండి, కొలత తప్పదు.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తరువాత బండిని చూపించి 5 ఏళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఆ తేదీకి రెండు నెలల ముందే ఊడినవి, వేలాడేవి సరిచేసుకుంటే హడావుడి ఉండదు. బ్రేకులు, టైర్లు, స్టీరింగు మాత్రం తెలిసినవారి చేతనే చూపించండి. వాటిలో పొదుపు పనికిరాదు. అవి పాడై, బాగుచేయించే స్తోమత లేనప్పుడు బండి అమ్మేయడమే వివేకం.

విరిగిన ముక్క ఏదైనా ఉంటే పారేయకుండా వచ్చే నెల సమావేశానికి తీసుకురండి. అందరం కలిసి చూద్దాం. సెలవు.