తేటనీరంతా తాగునీరు కాదు

సకల స్తోత్రాలు సర్వలోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మస్జిద్ సేవలో ఉన్న ఇన్నేళ్లలో నీటిని గురించి నన్ను ఎందరో మస్అలాలు అడిగారు. బావిలో పిచ్చుక పడి చచ్చింది, ఎన్ని బొక్కెనలు తోడిపోయాలి? హౌజ్‌లో నీరు పచ్చబడింది, వుజూ చెల్లుతుందా? ట్యాంకులో బల్లి కనబడింది, చేసిన నమాజులు మళ్ళీ చేయాలా? ఇవి మంచి ప్రశ్నలు. దైవభీతి గలవారే వీటిని అడుగుతారు. కాని, "ఇమాం సాబ్, ఈ నీరు మా బిడ్డకు తాపవచ్చునా?" అని అడిగినవారు ఒక్కరైనా నాకు జ్ఞాపకం లేరు. నేటి ప్రసంగం ఎవరూ అడగని ఆ ప్రశ్నను గురించే.

మన ఫిఖ్హ్ గ్రంథాలలో నీటి అధ్యాయం ఎంతో విపులమైనది. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల పెద్ద హౌజ్‌లో కొంత నజాసత్ పడినా, రంగు గాని రుచి గాని వాసన గాని మారనంతవరకు ఆ నీరు పాక్ అని హనఫీ పండితులు తీర్పు చెప్పారు. ఇది ఆరాధన సులభం కావాలని దాసులకు లభించిన కారుణ్యం. అయితే ఈ తీర్పు వుజూకు, గుస్ల్‌కు సంబంధించినది. త్రాగే విషయంలో షరీఅత్ మరొక షరతు పెట్టింది. ప్రాణానికి హాని చేసేదేదీ లోపలికి పుచ్చుకోరాదు. పాక్ అయినదంతా తినదగినది కాదు. మట్టి పాక్, దానితో తయమ్ముమ్ చేస్తాము. అంతమాత్రాన మట్టి తింటామా? నీటి విషయమూ అంతే.

"నీరు అద్దంలా ఉంది, దీనిలో ఏముంటుంది?" అని కొందరంటారు. సోదరులారా! నిద్ర లేచిన మనిషి మూడుసార్లు చేతులు కడుక్కోకుండా నీటి పాత్రలో చేయి ముంచరాదని దైవప్రవక్త (స) ఆదేశించారు. రాత్రి ఆ చేయి ఎక్కడెక్కడ తగిలిందో అతనికే తెలియదని కారణం కూడా చెప్పారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. చేతిపై మురికి కనబడితేనే కడుక్కోండి అని ఆయన అనలేదు. కనబడని దాని పట్ల కూడా జాగ్రత్త అవసరమని నేర్పారు. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయరాదన్నారు. రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమన్నారు. జనం నీరు తెచ్చుకునే చోట మలవిసర్జన చేయడాన్ని శాపం తెచ్చిపెట్టే పనులలో లెక్కించారు.

ఆ కనబడనిది ఏమిటో చాలా శతాబ్దాల తరువాత వైద్యులు సూక్ష్మదర్శినిలో చూశారు. 1884లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ వైద్యుడు కలకత్తాకు వచ్చి, జనం స్నానానికి, త్రాగడానికి వాడుకునే ఒక చెరువు నీటిలోనే కలరా క్రిమిని కనుగొన్నాడు. కలరా, టైఫాయిడ్, రక్త విరేచనాల క్రిములు రోగి మలం ద్వారా బయటపడి, నీటి ద్వారానో మురికి చేతుల ద్వారానో మరొకరి నోటిలోకి ప్రవేశిస్తాయి. అందుకే వంద మిల్లీలీటర్ల తాగునీటిలో మలసంబంధమైన ఈ.కోలి క్రిమి ఒక్కటి కూడా కనబడరాదని మన దేశపు ప్రమాణం.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో మంచినీటిలో మురుగు కలిసి, కలరా సోకి, ఎన్నో ఇళ్లలో చావు మేళవించింది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అతిసారం ప్రాణాలు తీసింది. 2021 ఏప్రిల్‌లో మన సీమలోనే, పాణ్యం మండలం గోరకల్లులో, ఆదోనిలో జనం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు మరణించారు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల గ్రామం అదే దుఃఖాన్ని చవిచూసింది. ఆ ఇళ్లవారు నీరు త్రాగింది దప్పిక తీర్చుకోవడానికే.

మన రాయచోటి ప్రాంతం వర్షాభావపు నేల. వెలిగల్లు జలాశయపు నీరు, బోరు నీరు, వేసవిలో ట్యాంకరు నీరు, డబ్బిచ్చి కొనే క్యాను నీరు: ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకునే బ్రతుకు మనది. కొళాయి వదిలేది కొద్దిసేపే. తక్కిన సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. ఆ గొట్టానికి పగులు ఉండి, పక్కనే మురికి కాలువ పారుతుంటే, మురుగు లోపలికి ఊరుతుంది. కొళాయి కింద గుంట తవ్వి అందులో బిందె పెట్టినప్పుడు, నీరు ఆగగానే ఆ గుంటలోని మురికి గొట్టంలోకి పోతుంది. గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగేవాడు తన పొరుగువాని వంతు నీటిని లాగుకోవడమే కాదు, పగుళ్ల గుండా మురుగును కూడా వీధివారందరికీ తెచ్చిపెడుతున్నాడు. ఇది అన్యాయం, పొరుగువాని హక్కును కాజేయడం. ఈ మాట నేను మింబర్ దగ్గర నిలబడి, ఎవరి మొహమాటమూ లేకుండా చెబుతున్నాను.

ఇక చేయవలసినవి వినండి. త్రాగే నీటిని బాగా తెర్లేదాకా, కనీసం ఒక నిమిషం మరిగించి, చల్లార్చి, మూత పెట్టండి. కట్టెలు, గ్యాసు చాలనివారు క్లోరిన్ బిళ్లలు ఆశా కార్యకర్తను అడిగి తీసుకోండి. పొట్లం మీద చెప్పిన కొలత ప్రకారం వేసి అరగంట ఆగిన తరువాత త్రాగండి. మందు వాసన వస్తున్నదని పారబోయకండి, ఆ వాసన కాపలావాని అడుగుల చప్పుడు. కడవలో చెంబు, చేయి ముంచకుండా పిడి ఉన్న గరిటెతో తీయండి. క్యాను నీరు కొన్నా, క్యాను కడగనిదైతే ఆ డబ్బు వృథా. మన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లున్నాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, కాబట్టి అటువంటి బోరు నీటిని త్రాగడానికి వాడకండి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పాలనే నియమం ఉన్నది. మీ ఊరిలో ఆ పరీక్ష జరుగుతున్నదా అని పంచాయతీని మర్యాదగా, పట్టుదలగా అడగండి. ఈ పనులన్నీ ఇంటి ఆడవారి మీద వదిలివేయకండి. ఇంటి బాధ్యత గురించి రేపు అల్లాహ్ సన్నిధిలో మగవానికీ ప్రశ్న ఉన్నది.

బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే నీళ్లు మాన్పించడం పెద్ద పొరపాటు. ఒంటిలోని నీరు, ఉప్పు పోవడమే ప్రాణాపాయం. 1971లో బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపి రోగులకు తాపించారు. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు తగ్గాయి. నేడు ఆ పొట్లం ఓఆర్ఎస్ పేరుతో ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉన్నది. అది చేతికందనప్పుడు ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలపండి. తల్లిపాలు ఆపకండి. బిడ్డ మగతగా పడి ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం ఆగినా, మలంలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. తాయెత్తు కట్టి తెల్లవారేదాకా వేచి ఉండకండి. దుఆ చేయండి, మందూ వాడండి. వైద్యం చేయించుకోమన్నది కూడా ప్రవక్త (స) బోధనే.

సోదరులారా! మదీనాలో నీటిని అమ్ముకునే రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని ముస్లిములందరికీ వక్ఫ్ చేశారు. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) చనిపోయిన తన తల్లి పేరిట ఏ దానం శ్రేష్ఠమని అడిగితే, ప్రవక్త (స) నీరు అని చెప్పారు. ఆయన బావి తవ్వించారు. మన బిడ్డలు కువైట్‌లో, సౌదీలో చెమటోడ్చి పంపే సొమ్ముతో మస్జిద్‌లకు పాలరాయి పరుస్తున్నాము. అల్లాహ్ స్వీకరించుగాక! దానితో పాటు ఒక పగిలిన గొట్టాన్ని మార్పించడం, వీధి ట్యాంకును కడిగించి మూత వేయించడం, పేదవాని ఇంట మరుగుదొడ్డి కట్టించడం కూడా సదఖయే జారియాయే. ఆ నీరు త్రాగే బిడ్డ ఏ మతస్థుడైనా సరే, పుణ్యం తగ్గదు.

వచ్చే జుమాకు ముందుగా మన మస్జిద్ ట్యాంకు కడుగుదాము. మీలో కొందరు యువకులు ఈ నమాజు తరువాత ఆగి నాకు పేర్లు ఇవ్వండి.

అల్లాహ్! మాకు నీవు ప్రసాదించిన నీటిని మా చేతులతో మేము విషం చేసుకోకుండా కాపాడు. మా పసిబిడ్డలను రక్షించు. దాహంతో ఉన్న ఈ నేలపై నీ కారుణ్య వర్షం కురిపించు. ఆమీన్.