పలక మీద పరీక్ష – పెద్దల జ్ఞాపకశక్తి



మన ఇళ్ళలోని దాదీమాలు, నానాల జ్ఞాపకశక్తిని గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. పెద్దవారు పదే పదే ఒకే మాట అడిగితే "వయసు మీదపడింది, చాదస్తం" అని ఊరుకుంటాము. లేకపోతే "మతి పోయింది" అని ముద్ర వేసేస్తాము. రెండూ అన్యాయమే. మొదటి దానివల్ల వైద్యం ఆలస్యమవుతుంది. రెండవ దానివల్ల ఇంట్లో వారి మాటకు విలువ పోతుంది, సంతకానికి సైతం విలువ పోతుంది. మన దేశంలో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు ఉన్నదని 2023లో ప్రకటించిన ఒక పెద్ద సర్వే అంచనా. కనుక ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు.

ఈ జబ్బును పసిగట్టడానికి ప్రశ్నల పరీక్షలున్నాయి. అమెరికాలో 1975లో వచ్చిన ముప్పై మార్కుల పరీక్ష ప్రపంచమంతా పాకింది. అందులో వాక్యం రాయాలి, బొమ్మ చూచి గీయాలి. బడి మొహం చూడనివారు అక్కడే ఆగిపోతారు. అందుకే 1990లలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం దానిని మార్చి రాశారు. "ఇది ఉదయమా, మధ్యాహ్నమా, సాయంత్రమా?" అని అడిగారు. మనిషికి తగ్గట్టు ప్రశ్న మారింది గాని, ప్రశ్నకు తగ్గట్టు మనిషి మారలేదు.

ఇప్పుడు ఇవే పరీక్షలు టాబ్లెట్ మీదకు వచ్చాయి. టాబ్లెట్ అంటే మాత్ర కాదండీ, పలకలాంటి యంత్రం! దాని సుగుణాలు లేకపోలేదు. అందరికీ ఒకే గొంతుతో, ఒకే తీరున అడుగుతుంది. మార్కులు తానే వేస్తుంది. జవాబుకు ఎంతసేపు పట్టిందో సెకనులో వెయ్యోవంతు వరకు లెక్కకడుతుంది. చిక్కు కూడా అక్కడే ఉన్నది. ఆ తెర వేలిలోని విద్యుత్ ప్రసరణను బట్టి పనిచేస్తుంది. ఎండిపోయిన వేళ్ళను, పొలం పనితో కాయలు కాసిన వేళ్ళను ఒక్కొక్కసారి గుర్తించదు. చెయ్యి వణికితే ఒకటి నొక్కబోయి మరొకటి నొక్కుతారు. శుక్లమున్న కంటికి అక్షరం కనబడదు, మందగించిన చెవికి ప్రశ్న వినబడదు. ఇవన్నీ యంత్రం లెక్కలో "ఆలస్యం" గానో "తప్పు" గానో పడతాయి. అది మతి తప్పు కాదు గదా!

దీనికి మార్గం లేదా అంటే ఉన్నది. తెలుగు మాట్లాడేవారు దండిగా ఉన్న కర్ణాటకలోని కోలారు జిల్లా శ్రీనివాసపురం ప్రాంతంలో, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన మెదడు పరిశోధన కేంద్రం 2018లో ఒక దీర్ఘకాల అధ్యయనం మొదలుపెట్టింది. 45 ఏళ్ళు దాటిన పల్లెవాసులకు కంప్యూటరు మీద నడిచే "కాగ్నిటో" పరీక్షలు పెడుతున్నారు. పల్లెజనం యంత్రానికి పనికిరారని అక్కడ ఎవరూ అనుకోలేదు.

ఇక భాష సంగతి. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషలలో ఉన్నది. ఉర్దూ లేదు. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే మన పెద్దలకు ఏ భాషలో అడిగితే సులువో ముందే చెప్పాలి. రెండు భాషలు రావడం లోపమని మాత్రం ఎవరూ అనుకోవద్దు. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు భాషలు వచ్చినవారికి ఈ జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. చదువు రానివారిలోనూ అంతే. ఎన్నో భాషలు నేర్చి తెలుగులో కావ్యాలు రాసిన ఉమర్ ఆలీషాగారి ఊరు మనది. మనకిది కొత్త సంపద కాదు.

కనుక కుటుంబాలవారికి మా మనవి ఇది. పరీక్షకు వెళ్ళేటప్పుడు కళ్ళజోడు, చెవి మిషను మరువకండి. ముందు ఒకసారి ఉత్తుత్తిగా నొక్కి చూడనివ్వమని అడగండి. వేలితో వీలుకాకపోతే నోటితో చెప్పించుకుంటారేమో అడగండి. మీరు పక్కన కూర్చోండి, జవాబు మాత్రం అందించకండి. ఎంతవరకు చదివారో, ఏ పని చేసి బ్రతికారో వైద్యునికి చెప్పండి. మార్కులు తగ్గినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత కూడా మతిమరుపు తెస్తాయి; వాటికి చికిత్స ఉన్నది. అలాగే మార్కులు బాగున్నా ఇంట్లో మీరు గమనించిన మార్పును దాచవద్దు. డబ్బు లెక్క తప్పడం, తెలిసిన వీధిలో దారి తప్పడం యంత్రానికి కనబడవు, మీకే కనబడతాయి.

మన సంఘం యువకులు వారానికి ఒక గంట పెద్దల దగ్గర కూర్చుని ఈ పలకను వారి చేతికి అలవాటు చేస్తే అదే గొప్ప సేవ. మనకు పలక పట్టించి అక్షరాలు దిద్దించినవారు వారు. ఈ కొత్త పలక వారికి పట్టించే వంతు మనది.