విజ్ఞానసర్వస్వములో ఓడల కంపెనీ పద్దు



ఓడల కంపెనీలను గూర్చి విజ్ఞానసర్వస్వములో వ్రాసిన వ్యాసములను తప్పు లేకుండ, కాలమునకు వెనుకబడకుండ నిలుపుట యెట్లు అనునది నేటి ప్రసంగవిషయము. సముద్రము కంటికి కానరాని పల్లెలలో నుండు మాకు దీనితో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. నేను నివసించునది హైదరాబాదు పాతబస్తీలోని ఛత్రినాక. చార్మినారుకు దక్షిణముగా, లాల్‌దర్వాజాకు, ఉప్పుగూడకు చేరువనున్న పేట యిది. ఇచటికిని సముద్రము నూరుమైళ్ళకు పైబడిన దూరమే. అయినను ఓడలో ఉద్యోగమున్నదని యెవడైన చెప్పినచో ఈ పేట పిల్లవాడును మీ యూరి పిల్లవాడును మొదట చేయు పని యొక్కటే. చేతిలోని ఫోనులో ఆ కంపెనీ పేరు వ్రాసి చూచును. అప్పుడు కానవచ్చు వానిలో వికీపీడియా యను ఉచిత విజ్ఞానసర్వస్వపు వ్యాసము తరచుగా ముందుండును. తండ్రి పొలము తాకట్టు పెట్టి దళారికి సొమ్ము కట్టుటయో మానుటయో ఆ నాలుగు పంక్తులను చదివిన పిమ్మట తేలు ఇండ్లు కలవు. కావున ఆ పంక్తులలో నేమున్నదో మనకును పట్టవలసినదే.

విజ్ఞానసర్వస్వ మను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. 1906లో ఈ హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలి పుట్టినది. దానికి ప్రాణము వంటివారు కొమర్రాజు లక్ష్మణరావుగారు. వారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టి, సంపుటములు కొన్ని వెలువరించి, పని ముగియకమునుపే 1923లో కాలధర్మము నొందిరి. అచ్చుపుస్తకమునకు ఒక లోపము కలదు. అందు పడిన తప్పు మరల అచ్చు వేయువరకు అట్లే యుండును. కాని ఒక గుణమును కలదు. ముఖపత్రముపై సంవత్సరము వేసియుండును. చదువరి అది చూచి, ఇది అప్పటి మాట యని లెక్కకట్టుకొనును. 2001లో ఇంగ్లీషున, 2003 డిసెంబరులో తెలుగున ఆరంభమైన వికీపీడియాలో తప్పును ఎవరైనను ఏ క్షణముననైనను దిద్దవచ్చును. ఐతే అచట వాక్యమునకు వయస్సు కనబడదు. పండ్రెండేండ్ల క్రిందట వ్రాసి మరచిన వాక్యమును నిన్న వ్రాసిన వాక్యమును ప్రక్కప్రక్కనే నిలిచి, రెండును నేటి మాటల వలెనే తోచును. అచ్చమైన అబద్ధముకంటె పాతబడిన నిజమే ఇందు ఎక్కువ చెరుపు చేయుచున్నదని నా తలంపు. అబద్ధమును ఎవడో ఒకడు పట్టుకొనును. పాతబడిన నిజమునకు ఆధారము కూడ సరిగానే యుండును. ఎవరికిని అనుమానము రాదు.

సేత్వారనిన నేమో, పహాణీ యనిన నేమో తెలంగాణపు పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. సేత్వారు బందోబస్తునాడు కట్టిన మూలపు లెక్క. పహాణీ యేటేట వ్రాయవలసినది; ఈ యేడు కబ్జాలో నున్న దెవరు, వేసిన పైరేమి, నీటి వసతి యెట్టిది అని. పట్వారీ చావడిలో కూర్చుండి నిరుటి పహాణీకే నకలు తీసినచో, ఏమగునో మీరు ఎరుగుదురు. కాగితములో ఒకడు, మడిలో మరియొకడు. ఓడల కంపెనీ వ్యాసములో స్థాపించిన సంవత్సరము, స్థాపకుల పేర్లు, మొదటి ఓడ సేత్వారు వంటివి. యజమాని యెవరు, ఓడలెన్ని, అధ్యక్షు డెవరు, ఏ మంత్రిత్వశాఖ క్రింద నున్నది – ఇవి పహాణీ వంటివి. రెంటిని ఒకే ధోరణిలో వ్రాసివైచుటచేతనే చిక్కంతయు వచ్చుచున్నది.

సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ సంగతి చూడుడు. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ మొదలగువారు 1919లో బొంబాయిలో దానిని నెలకొల్పిరి. లాయల్టీ యను ఓడను గ్వాలియరు మహారాజగు సింధియావారియొద్ద కొనిరి. కంపెనీ పేరు అందుండి వచ్చినదే. ఆ ఓడ 1919 ఏప్రిల్ 5వ తేదీన బొంబాయి విడిచి సీమకు బయలుదేరినది. 1964 నుండి ఆ తేదీని జాతీయ నౌకాయాన దినముగా పాటించుచున్నారు. ఇదంతయు సేత్వారు. ఇక విశాఖపట్టణమునకు రండు. అచట ఆ కంపెనీవారి నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న జల ఉష యను ఓడను నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. 1952లో ప్రభుత్వము మూడింట రెండు వంతులు తీసికొనగా ఆ నౌకాశాల హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఆయెను. 1961లో మిగిలిన వంతు కూడ ప్రభుత్వపరమైనది. 2010లో నౌకాయాన మంత్రిత్వశాఖనుండి రక్షణ మంత్రిత్వశాఖకు మారినది. ‘విశాఖ నౌకాశాల సింధియావారిది’ అను వాక్యమును పట్టి చూడుడు. 1950లో అది నిజము, 1955లో మూడవ వంతు నిజము, 1962లో అబద్ధము. వాక్యము మారలేదు, లోకము మారినది. దీనికి తోడు విశాఖలో ఆ ప్రాంతమును జనులు నేటికిని సింధియా యనియే పిలుతురు. పేట పేరు విని కంపెనీ యింకను ఉన్నదనుకొనువారు కలరు.

ప్రభుత్వరంగమున గల షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా మరియొక పాఠము నేర్పును. ఈస్టర్న్, వెస్టర్న్ అను రెండు కార్పొరేషన్లు కలియగా 1961 అక్టోబరు 2న ఏర్పడినది. 2019 నవంబరులో కేంద్ర మంత్రివర్గము దీనిలోని ప్రభుత్వపు వాటాను విక్రయించుటకు సూత్రప్రాయముగ సమ్మతించినది. ఇట్టి వార్త వచ్చిన పూటనే ‘ప్రైవేటుపరమైనది’ అని విజ్ఞానసర్వస్వములో దిద్దబోవువారు ఉందురు. అయ్యా, సంబంధము కుదిరినంత మాత్రమున పెండ్లి యైనట్లా? సమ్మతి వేరు, పిలిచిన టెండరు వేరు, సొమ్ము చేతులు మారుట వేరు. తరువాతి సంవత్సరములలో ఆ కార్పొరేషను యొక్క భూములు, భవనములు వేరుపరచి మరియొక కంపెనీక్రింద పెట్టుట జరిగినది. కావున ముంబయిలోని కట్టడము పేరు చెప్పి ఇది కార్పొరేషనుదే యనుటకు ముందు, ఏ నాటి మాట యని అడుగవలెను. మంత్రిత్వశాఖ పేరు కూడ నిలిచినది కాదు. 2020లో అది ఓడరేవుల, నౌకాయాన, జలమార్గముల మంత్రిత్వశాఖ యైనది.

‘ప్రస్తుతము’ అను మాటను ఇట్టి వ్యాసములనుండి వెడలగొట్టవలెనని నా గట్టి యభిప్రాయము. ‘కంపెనీకి ప్రస్తుత మిన్ని ఓడలున్నవి’ అని వ్రాసినవాడు చదువరికి ఏమియు చెప్పలేదు. ‘ఫలానా సంవత్సరము మార్చి 31 నాటి వార్షిక నివేదిక ప్రకారము’ అని వ్రాసినచో ఆ వాక్యము పదేండ్లకును అబద్ధము కాదు; పాతబడినను పాతదని తానే చెప్పుకొనును.

ఓడల లెక్కలో వేరు చిక్కులును కలవు. రైతునకు పట్టా భూమి వేరు, కౌలు భూమి వేరు. కంపెనీకిని సొంత ఓడలు కొన్ని, కౌలుకు తెచ్చి నడుపునవి కొన్ని, ఇతరుల ఓడలను జీతమునకు నిర్వహించునవి కొన్ని యుండును. మూడింటిని కూడి చెప్పినచో చిన్న కంపెనీ పెద్దదైపోవును. టన్నుల మాటయు నట్టిదే. గ్రాస్ టన్నేజీ యనునది ఓడలోని ఆవరణపు కొలత. డెడ్‌వెయిట్ యనునది అది మోయగల బరువు. జల ఉష 8,000 టన్నులది యనునప్పుడు చెప్పుచున్నది రెండవదానిని. ఒకదానిచోట నొకటి వ్రాయుట గరిసెల లెక్కను ఎకరాల గడిలో దింపినట్లుండును. ఓడల పేర్లు అమ్మినప్పుడెల్ల మారును, జెండా మారును, యజమాని మారును. మారనిది ఐ.ఎం.ఓ. సంఖ్య యొక్కటే. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 1987లో ఏర్పరచి 1996 నుండి పెద్ద ఓడలకు తప్పనిసరి చేసిన ఏడంకెల సంఖ్య యిది. పొలము ఎన్ని చేతులు మారినను సర్వే నంబరు నిలిచినట్లు, ఓడ పుట్టుక మొదలు విరిచివేయు నాటివరకు ఇది నిలుచును. వ్యాసమునందు ఓడ పేరు ప్రక్కన ఈ సంఖ్య నుంచినవాడు తరువాతివారికి సగము పని తప్పించినవాడగును.

ఇక కంపెనీ తన్ను గూర్చి తాను వ్రాసికొనవచ్చునా? ఇది సున్నితమైన ప్రశ్న. తెలుగువాడగు జయంతి ధర్మతేజ 1961లో జయంతి షిప్పింగ్ కంపెనీని స్థాపించెను. ప్రభుత్వము కోట్లకొలది రూపాయలు అప్పిచ్చినది. 1966లో ప్రభుత్వమే ఆ కంపెనీ నిర్వహణమును చేతిలోనికి తీసికొనవలసి వచ్చినది; 1971లో చట్టము చేసి దాని వాటాలు పుచ్చుకొనిరి; 1973లో అది షిప్పింగ్ కార్పొరేషనులో లీనమైనది. స్థాపకునికి 1972లో న్యాయస్థానము శిక్ష విధించినది. ఇట్టి కథను కంపెనీవారే వ్రాసినచో, ఎన్ని ఓడలు కొన్నారో విపులముగ చెప్పి 1966ను ఒక్క పంక్తిలో దాటింతురు. పగవారు వ్రాసినచో కొన్న ఓడల మాటయే యుండదు. సంవత్సరములను వరుసగా నుంచి, ప్రతిదానికి ఆధారము చూపుటతప్ప వేరు దారి లేదు.

నాకా యనగా తనిఖీ చేయు చోటు, దారికి కాపలా. విజ్ఞానసర్వస్వమునకును అట్టి నాకా యున్నది. జీతము తీసికొని వ్రాయువాడు ఆ సంగతి బయట పెట్టవలెనని 2014 నుండి అచటి నియమము. కంపెనీ ఉద్యోగి వ్యాసమును తానే దిద్దుటకు బదులు, వ్యాసము వెనుకనున్న చర్చాపుటలో ‘నేను ఈ కంపెనీవాడను, ఈ యంకె మారినది, ఆధార మిది’ అని వ్రాసినచో, సంబంధము లేనివాడు చూచి దిద్దును. నేనైతే కంపెనీవారిని దూరముగ నుంచుడని చెప్పను. అధ్యక్షుడు మారిన సంగతి, ఓడ అమ్మిన సంగతి అందరికంటె ముందు తెలియునది వారికే. సాక్ష్యమిచ్చుటకు వారు తగుదురు, తీర్పు వ్రాయుటకు తగరు. భూమి తగాదాలో వాది మాట వినకుండ పంచాయతి చేయుదుమా? వాదినే పంచాయతిలో కూర్చుండబెట్టుదుమా?

తెలుగు వ్యాసములకు ప్రత్యేకమైన వ్యాధి యొకటి కలదు. ఇంగ్లీషు వ్యాసమునుండి ఒకనాడు తర్జుమా చేసి పెట్టుదురు. పిమ్మట ఇంగ్లీషుది నూరుమారులు దిద్దబడును. తెలుగుది ఆనాటి యందే యుండును. చిన్న వ్యాసములను అచటివారు మొలకలందురు, చక్కని పేరు; కాని నీరు పోయనిచో మొలక మొలకగనే యెండును. నేడు ఫోనులను అడిగినచో సమాధానము చెప్పు యంత్రములు కూడ ఇట్టి పుటలను చదివి నేర్చినవే. కావున తెలుగులో పాతబడిన వాక్యము చావడి దాటి పోవుచున్నది.

ఉద్యోగము కొరకు చూచు పిల్లవానికి మాత్రము ఒక సంగతి వేరుగ చెప్పవలెను. విజ్ఞానసర్వస్వములో వ్యాసమున్నంత మాత్రమున ఆ కంపెనీ పేరు చెప్పుకొని వచ్చినవాడు దాని మనిషి కాడు. నావికులను ఓడలకు పంపు ఏజెంటుకు కేంద్రప్రభుత్వపు నౌకాయాన అధికారులిచ్చిన లైసెన్సు ఉండవలెను. ఉద్యోగము చూపినందుకు నావికునియొద్ద రుసుము తీసికొనరాదని నిబంధన. లక్షలు కట్టుమన్నవాడు అక్కడనే దొరికిపోయినట్లు.

మీలో అక్షరము వచ్చినవారందరును ఈ పనికి అర్హులే. వ్యాసము పైభాగమున ‘చరిత్ర’ యను మాటను తాకినచో ఏ వాక్యము నెవరు ఎన్నడు వ్రాసిరో, ఎవరు కొట్టివేసిరో వరుసగా కనబడును. కొట్టివేతలను దాచని దస్తావేజు అది. అంకె తప్పని తోచినచో కంపెనీ వార్షిక నివేదికతోను, మంచి పత్రికలతోను సరిచూడుడు. ఎవరో చెప్పిరన్న మాట అచట చెల్లదు. ఓడలపై పనిచేసి వచ్చిన మీ బంధువు చెప్పిన సంగతియైనను అచ్చులో దొరకవలెను. అందుకు పాత పత్రికల సంపుటములను భద్రపరచిన గ్రంథాలయములు మనకున్నవి. ధైర్యము చాలనిచో చర్చాపుటలో తెలుగుననే అడుగుడు. అందరును కలిసి మాటలాడు పుటకు తెలుగు వికీపీడియావారు పెట్టిన పేరు రచ్చబండ. అచట వ్రాసిన మాట చివర అల వంటి చిన్న గుర్తును నాలుగుమారులు పెట్టినచో, మీ పేరును తేదీయు వేళయు దానంతటదియే పడును.