మైకేల్ సార్స్: తన పేర్లు తానే కొట్టేసుకున్న పాస్టరు

ఎవరి పేరున సభ జరుగుతోందో ఆయన్ని పొగడటం ఇలాంటి ఉపన్యాసాల ఆనవాయితీ. ఈ సభ ఎవరి పేరునో ఆ మాస్టారికి పొగడ్త గిట్టదు. అందుకని ఆయన చెప్పిన జెల్లీ చేప పాఠం వెనకున్న మనిషి గురించి మాట్లాడతాను.

మైకేల్ సార్స్ 1805లో నార్వేలోని బెర్గెన్‌లో పుట్టాడు. చదివింది దైవశాస్త్రం. 1831లో పడమటి తీరాన కిన్‌లో, 1840లో మాంగెర్‌లో పాస్టరుగా కుదిరాడు. ప్రార్థనలు, పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు పోను మిగిలిన పొద్దంతా సముద్రానిదే.

పాస్టరు కాకముందే, 1829లో, చిన్న పుస్తకం ఒకటి వేశాడు. అందులో రెండు కొత్త జీవులకు పేర్లు పెట్టాడు. ఒకటి స్కైఫిస్టోమా: రాతికి అంటుకుని, నోటి చుట్టూ స్పర్శకాలు చాచుకుని ఉండే మిల్లీమీటర్ల ప్రాణి. రెండోది స్ట్రోబిలా: పళ్ళేల దొంతరలా అడ్డంగా నొక్కులు పడ్డ ఒళ్ళు దానిది. కొత్త జీవికి పేరు పెట్టినవాడు సాధారణంగా దాన్ని వదులుకోడు. సార్స్ మాత్రం వాటిని చూస్తూనే ఉన్నాడు. మొదటిదే ఎదిగి రెండోది అవుతోంది. దొంతరలో పైనున్న పళ్ళెం ముందుగా విడిపోయి, ఎనిమిది రెక్కలు ఆడించుకుంటూ ఈదుకుపోతోంది. అదే ఎఫిరా. అది పెరిగితే మనకు తెలిసిన జెల్లీ చేప. 1841 నాటికి ఈ చక్రమంతా రుజువు చేశాడు. అంటే తాను పెట్టిన రెండు పేర్లూ వేర్వేరు జీవులవి కావు, ఒకే జీవి దశలవి. జెల్లీ చేప బిడ్డ తల్లిని పోలదు, అమ్మమ్మను పోలుతుంది! మరుసటి ఏడు డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్ దీన్నీ ఇలాంటి మరికొన్ని ఉదాహరణల్నీ కలిపి తరాల ఏకాంతరణ సిద్ధాంతం రాశాడు. పేరు ఆయనకే ఎక్కువ వచ్చింది. నా దృష్టిలో కష్టం పాస్టరుది.

1854లో క్రిస్టియానియా, అంటే నేటి ఓస్లో, విశ్వవిద్యాలయం ఆయన్ని జంతుశాస్త్ర ఆచార్యుడిగా తీసుకుంది.

ఆ కాలంలో సముద్రపు లోతుల్లో జీవం గురించి బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫోర్బ్స్ మాట చెల్లుబాటులో ఉండేది. ఏజియన్ సముద్రంలో లోతుకు పోయేకొద్దీ జీవులు తగ్గుతున్నాయి కాబట్టి 300 బారల కింద, అంటే దాదాపు 550 మీటర్ల కింద, ప్రాణి ఉండదని ఆయన లెక్క. లోతుల్లోంచి జీవులు పైకొచ్చిన దాఖలాలు అంతకుముందే ఉన్నా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1864లో సార్స్ కొడుకు గేఓర్గ్ ఒసియన్ కాడ్ చేపల వేట మీద పరిశోధనకు ప్రభుత్వం పంపగా లొఫోటెన్ వెళ్ళాడు. కాడ్ గుడ్లు నీటిపై తేలతాయని కనిపెట్టిందీ ఆయనే. ఆ పనిలోనే సుమారు 300 బారల లోతునుంచి కాడ ఉన్న సముద్ర లిల్లీ ఒకటి తీశాడు. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు, అడుగున వేళ్ళు. దాని దగ్గరి చుట్టాలు అప్పటిదాకా సుద్దరాతి శిలాజాల్లోనే కనిపించేవి. తండ్రి దాన్ని 1868లో వివరంగా వర్ణించాడు, రైజోక్రైనస్ లొఫోటెన్సిస్ అన్నాడు.

నార్వే వచ్చి దాన్ని కళ్ళారా చూసిన బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు వైవిల్ థామ్సన్, తోటి శాస్త్రజ్ఞుడు కార్పెంటర్‌తో కలిసి బ్రిటిష్ నౌకాదళం ఓడలు సంపాదించాడు. 1869 జూలైలో పోర్కుపైన్ ఓడ బిస్కే అఖాతంలో 2,435 బారల లోతునుంచి జీవుల్ని పైకి తెచ్చింది. అదే అక్టోబరులో సార్స్ పోయాడు. 1872లో థామ్సన్ చాలెంజర్ ఓడలో ప్రపంచయాత్రకు బయల్దేరాడు.

1900లో నార్వే తన పరిశోధన నౌకకు మైకేల్ సార్స్ అని పేరు పెట్టింది. 1910లో అది ఉత్తర అట్లాంటిక్ లోతుల్ని గాలించడానికి బయల్దేరితే, ఖర్చు పెట్టుకున్నది జాన్ ముర్రే, ఒకప్పుడు చాలెంజర్‌లో వెళ్ళొచ్చినవాడు.