బోర్డుల పనికి తొలి యంత్రం



బళ్లారి, పావగడ, బాగేపల్లి వైపు మన పిల్లలు కొందరు బోర్డుల పనిలో దిగాలని ఉబలాటపడుతున్నారు. మంచిదే. కొత్త అంగడి తెరిచేవాడు ఉన్నంతకాలం బోర్డు చేసేవాడికి పని ఉంటుంది. అయితే వీళ్లు మొట్టమొదట అడిగేది, "పది అడుగుల ఫ్లెక్స్ మిషను ఎంత?" అని. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేముందు నా మాట కాస్త వినండి.

ఫ్లెక్స్ మిషను రోజూ నడవాలి. దాని ప్రింట్ హెడ్డులో సిరా వచ్చే రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం. నాలుగు రోజులు ఊరికే ఉంచితే సిరా ఎండి పూడుకుపోతాయి. హెడ్డు మార్చడం చిన్న ఖర్చు కాదు. పైగా సిరా ఘాటుకు గాలి ఆడే గది కావాలి, కరెంటు ఒడుదుడుకులకు స్టెబిలైజరు కావాలి. ఎన్నికలు, పెళ్లిళ్లు, జాతరలు ఉన్నప్పుడు పని విరగబడి వస్తుంది. ఆషాఢం వస్తే మిషను కాళ్లు చాపుకుంటుంది. బ్యాంకు కంతు మాత్రం శూన్యమాసం చూడదు. ఇంకో సంగతి. కర్ణాటకలో 2016 మార్చిలో ఫ్లెక్సులను నిషేధించారు. 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లకు దేశమంతటా నిషేధం వచ్చింది. అటువంటి సరుకు మీదే బతుకంతా ఆధారపెట్టడం నాకు నచ్చదు.

మరి దేనితో మొదలుపెట్టాలి? రెండడుగుల కటింగ్ ప్లాటరుతో. ఇది అచ్చు వేయదు. రంగు స్టిక్కరు షీటును చిన్న బ్లేడుతో అక్షరాల ఆకారంలో కోస్తుంది. బల్ల మీద పడుతుంది, ఇంటి కరెంటుతో నడుస్తుంది, నెల రోజులు ముట్టకపోయినా సిరా ఎండే బెడద లేదు. అంగడి అద్దాలు, ఆఫీసు నేమ్‌ప్లేట్లు దీనితోనే అవుతాయి. ఫ్లెక్స్ అడిగినవాళ్లకు పట్నంలో అచ్చు వేయించి ఇవ్వండి. ఆ పని రోజూ వస్తోందని మీ లెక్కల పుస్తకమే చెప్పినప్పుడు సొంత మిషను సంగతి చూసుకోవచ్చు.

ప్లాటరు కొనేటప్పుడు అమ్మేవాడు చూపించే నమూనా చూసి సంబరపడకండి. అది ఇంగ్లీషు అక్షరం అయివుంటుంది. ఎల్, టి వంటి గీతల అక్షరాలను ఏ మిషనైనా కోస్తుంది. మనవన్నీ వంపులు. "శ్రీ లక్ష్మీ" అని అంగుళం ఎత్తున మీ కళ్లముందే కోయించండి. సున్నా మొదలైనచోటే వచ్చి కలుస్తోందా? అనవసరమైన స్టిక్కరు పీకేటప్పుడు ఒత్తులు కూడా లేచి వస్తున్నాయా? కింది కాగితం తెగకుండా పై పొర ఒక్కటే తెగుతోందా? తర్వాత రెండు మీటర్ల పొడవు గీత కోయించి, షీటు పక్కకు జారుతోందేమో చూడండి. స్టెప్పర్ మోటారు మిషను చవక. సర్వో మోటారు మిషనుకు ధర ఎక్కువైనా వంపులు నున్నగా వస్తాయి. చేతిలో డబ్బు ఉంటే ఆ తేడా పెట్టడం దండగ కాదు. మామూలు షీటుకు 45 డిగ్రీల బ్లేడు, మందపాటి దానికి 60 డిగ్రీలది వాడతారు. ఆ బ్లేడ్లు ఏ ఊళ్లో దొరుకుతాయో, రిపేరుకు ఎవరు వస్తారో బేరానికి ముందే అడగండి.

సరిహద్దులో ఉన్న మనకు మరో జాగ్రత్త. 2024లో కర్ణాటక చేసిన చట్ట సవరణ ప్రకారం నామఫలకంలో 60 శాతం కన్నడం ఉండాలి. కాబట్టి అమ్మేవాడి దగ్గరకు కన్నడ నమూనా కూడా తీసుకుపోండి. పాత అను, నుడి ఫాంట్లలో కొట్టిన ఫైలు వేరే కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు తారుమారవుతాయి. బయటికి పంపే ముందు అక్షరాలను కర్వులుగా మార్చండి. తెలుగు వచ్చినవాడు కన్నడం గుర్తుపడతాడు గానీ అందులో తప్పు పట్టలేడు. కోయడానికి ముందు కన్నడం చదివినవారికి ఒకసారి చూపించండి.

అప్పు తప్పదంటే 2015లో మొదలైన ముద్రా పథకం గురించి బ్యాంకులో అడగండి. శిశు తరగతిలో 50 వేల వరకు, కిశోర్ తరగతిలో 5 లక్షల వరకు ఇస్తారు. తీసుకున్నదంతా మిషనుకే పెట్టకండి. నాలుగైదు రంగుల షీటు రోల్సు, అక్షరాలు ఎత్తి అంటించే ట్రాన్స్‌ఫర్ టేపు, ఒక మంచి నిచ్చెన, వీటికీ డబ్బు కావాలి.