పంటకాపునకు రైఫిలేల?

మోమిన్‌పేట రైతు సోదరులారా!

అడవిపందులు మొక్కజొన్న చేనిని ఒక్క రాత్రిలో పాడుచేయుట మీరెఱిగినదే. అందులకై ఎన్నడును తుపాకి పట్టనివారు సయితము వెలగల రైఫిల్ కొనదలచుచున్నారు. సొమ్ము చెల్లింపకమున్ను వినుడు. 1959 ఆయుధ చట్టము పంటరక్షణకు ముందునుండి మందు దట్టించు తుపాకిని చెప్పినది; అది చాలదని అధికారికి తోచినచో నున్నని గొట్టముగల వేఱొక తుపాకికి లైసెన్సు నీయవచ్చును. రైఫిలును పంటకై చెప్పలేదు. సన్నగుండ్లు కొంత దూరమున బలముడిగి పడును. గుఱి తప్పిన రైఫిల్ గుండో, మైలు దాటి పోవును. పొరుగుచేని మంచెపై కావలియున్నవాడు చీకటిలో మీకు కనబడునా? లైసెన్సున్నను, పందిని కాల్చుటకు 1972 వన్యప్రాణి చట్టము క్రింద వేఱుగా అనుమతి వలయును. ఆ సొమ్ముతో కంచె వేయుడు, వంతులవారీగా కావలి కాయుడు. కరెంటు తీగ మాత్రము కట్టకుడు. వేకువను నీరు పెట్టవచ్చినవానికి అది కానరాదు.